భుజం మీద లేచిన పోగులు

"ఏమయ్యా! నా పిల్లి నోట్లో వేలెందుకు పెడుతున్నావ్?"

టైలరమ్మ మిషను తొక్కడం ఆపి కేక పెట్టింది.

దుకాణం మెట్ల మీద కూర్చున్న బక్కాయన వేలు తీసేశాడు. ఒళ్ళో ఉన్న పిల్లి మాత్రం కదల్లేదు.

"పళ్ళు చూస్తున్నానమ్మా. నోరు కంపు కొడుతోంది, గమనించారా?"

"పిల్లి నోరు కంపు కొట్టక గంధం వాసనొస్తుందా?"

"మరీ ఇంత రాకూడదు. వెనక పన్నేదో పుచ్చినట్టుంది."

టైలరమ్మ మనిషి కంటే ముందు బట్టలు చూస్తుంది. ఇరవై ఏళ్ళ అలవాటు. ఆకాశనీలం గళ్ళ చొక్కా, మంచి గుడ్డే. కుడి భుజం నిక్షేపంలా ఉంది. ఎడమ భుజం మీద మాత్రం పోగులన్నీ లేచిపోయాయి.

గోడలు దూకేవాడి చొక్కా అని అక్కడికక్కడే తేల్చేసింది.

ఆమె అనుమానానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ పిల్లి పేరు గుండీ. రెండేళ్ళ కిందట వానలో తడుస్తూ దుకాణంలోకొచ్చి ఉండిపోయింది. చొక్కా గుండీలాంటి నల్లటి ముక్కు చూసి కూతురు దానికా పేరు పెట్టింది. పాపకి అక్కా చెల్లీ అన్నీ అదే, పక్కన అది లేకపోతే నిద్ర పట్టదు. అలాంటి గుండీ, మూతి ముట్టుకుంటే సొంతవాళ్ళనే రక్కే గుండీ, ఈ ముక్కూ మొహం తెలియని మనిషి మోకాలి మీద రెండుసార్లు తడితే చాలు, ఎక్కి కూర్చుని నోరు తెరుస్తోంది!

మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"మెత్తటి గుడ్డపీలిక ఒకటి ఇస్తారా?"

ఇచ్చింది, ఏం చేస్తాడో చూద్దామని. దాన్ని నీళ్ళలో తడిపి వేలికి చుట్టుకుని, గుండీ పెదవి పైకెత్తి, చిగుళ్ళ వెంట మెల్లగా రుద్దాడు.

"రోజూ ఇలా చెయ్యాలమ్మా. మన పేస్టు మాత్రం పెట్టకండి, దానికి పడదు."

"ఎక్కడ నేర్చుకున్నావీ విద్య?"

"ఇంట్లోనే."

"ఇల్లెక్కడ?"

"ఖాళీ చేసేస్తున్నానమ్మా."

ఆ జవాబుతో ఆమె అనుమానం రెట్టింపయింది. అతను వెళ్ళగానే పక్క కొట్టు ఇస్త్రీ అబ్బాయి చల్లగా ఒక మాట వదిలాడు.

"మచ్చిక చేసుకుని పిల్లుల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారట అక్కా."

"మరి పళ్ళెందుకు చూస్తున్నాడురా?"

"ఎద్దును కొనేవాడు చూడడూ? సరుకు బాగుందో లేదోనని!"

టైలరమ్మ గబుక్కున గుండీని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

మూడో రోజు బక్కాయన చేతిలో మూతున్న బుట్ట ఉంది.

పాప బట్టల మూటకి ఆనుకుని బొమ్మల పుస్తకం చూస్తోంది. దాని ఒళ్ళో గుండీ ముడుచుకుని నిద్రపోతోంది. అతను గుమ్మంలోనే నిలబడి అలా చూస్తూ ఉండిపోయాడు.

టైలరమ్మ కత్తెర పుచ్చుకుని లేచింది.

"ఆ బుట్టెందుకు?"

అతను పాప మీంచి చూపు తిప్పుకున్నాడు. తర్వాత బుట్టని మెట్టు మీద పెట్టాడు.

"మీకేనమ్మా. ఇందులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆ పన్ను తీయించాలి. ఆలస్యం చెయ్యకండి."

"నా పిల్లి సంగతి నాకు తెలుసు! ఇంకోసారి ఈ మెట్లెక్కావంటే పోలీసుల్ని పిలుస్తా!"

అతను తలూపి వెళ్ళిపోయాడు. ఆమె బుట్టని కాలితో బల్ల కిందికి నెట్టింది. పీడా వదిలిందనుకుంది.

నాలుగు రోజులకి గుండీ తిండి మానేసింది. నోట్లోంచి చొంగ కారుతోంది. పాప ఏడుపు లంకించుకుంది.

"ఆ గుడ్డతో విషం పూసేశాడు, వాడి చేతులు పడిపోను!" అని తిట్టుకుంటూ టైలరమ్మ చేతికందిన ఆ బుట్టలోనే గుండీని పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరు గుండీ నోరు తెరిచి చూశాడు.

"విషం లేదు, గిషం లేదు. పన్ను పుచ్చి చీము పట్టింది. ఇవాళే తీసేస్తాను, బతుకుతుంది. ఇంకో వారం ఆగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణి. ఇన్నాళ్ళూ వాసన రాలేదా?"

టైలరమ్మ తల దించుకుంది.

"ఒకతను చెప్పాడండీ. పిల్లుల దొంగేమోనని తరిమేశాను. ఈ బుట్ట అతనిదే."

డాక్టరు అప్పుడు బుట్టకేసి చూశాడు. తర్వాత పిల్లి పై పెదవి మళ్ళీ ఎత్తి, పక్కన ఎప్పుడో ఊడిన పన్ను ఖాళీని వేలితో తడిమాడు.

"ఈ పన్ను తీసింది నేనేనమ్మా, అయిదేళ్ళయింది. ఆయన దీన్ని ఈ బుట్టలోనే తెచ్చేవాడు. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఎడమ భుజం మీద ఎక్కించుకుని పోయేవాడు."

టైలరమ్మ కళ్ళ ముందు గళ్ళ చొక్కా పోగులు కదిలాయి. ఇరవై ఏళ్ళ చూపు మీద ఆమెకి మొదటిసారి సిగ్గేసింది.

"ఆయన ఎక్కడుంటారు? ఇప్పుడే వెళ్తాను."

"నిన్ననే ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఎక్కడికో నాకూ చెప్పలేదు."

డాక్టరు సూదిమందు ఎక్కిస్తూ మెల్లగా అన్నాడు.

"ఆయన జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇది తప్పిపోయింది. రెండేళ్ళు వీధి వీధీ వెతికాడు. దొరికిందా అని నిన్న అడిగితే దొరికిందన్నాడు. మరి తెచ్చుకోలేదేమంటే, 'బుట్ట తీసుకునే వెళ్ళాను డాక్టరుగారూ, కానీ అది ఆ పాప ఒళ్ళో నిద్రపోతోంది, లేపబుద్ధి కాలేదు' అన్నాడమ్మా."