సమ్మమ్మ నిశానీ

"మళ్లీ పోయిందా?" అనసూర్య చేతిసంచిని అరుగు మీద విసిరేసింది.

"ఇప్పుడే పోయింది పంతులమ్మా. నువ్వు ఆ మలుపు తిరుగుతాంటివి, ఆమె ఈ సందు దాటింది," అంది రాజవ్వ, రాట్నం మీంచి తల ఎత్తకుండానే.

అనసూర్యకు ఒళ్లు మండిపోయింది. పొద్దంతా హనుమకొండ ఆడపిల్లల బడిలో గొంతు చించుకుని, ప్రతి శుక్రవారం మట్టెవాడ నేతవాళ్ల వాడకు కాళ్లీడ్చుకుంటూ వచ్చేది ఈ మహిళా సంఘం కోసమే. సంఘానికి తను కార్యదర్శి. అధ్యక్షురాలు సమ్మమ్మ. సంఘం పెట్టి ఏడు నెలలు నిండాయి. అధ్యక్షురాలి ముఖం ఎలా ఉంటుందో కార్యదర్శికి ఇంతవరకూ తెలియదు! మొదటి సమావేశం నాడు అనసూర్య జ్వరంతో మంచం పట్టింది. లేచి వచ్చేసరికి ఎన్నిక అయిపోయింది.

ఈ వాడలో అన్నిటికీ వంతులే. వాకిలి ఊడ్చే వంతు, కడవలతో నీళ్లు మోసే వంతు, అందరి పసిపిల్లలను చూసుకునే వంతు. పుస్తకం రాసే పని మాత్రం ఎప్పుడూ అనసూర్యదే. అక్షరం వచ్చింది తనొక్కతికే మరి.

ఆమె హాజరు పుస్తకం తెరిచింది. తను ముందే రాసిపెట్టిన సమ్మమ్మ పేరు పక్కన బొటనవేలి నిశానీ అప్పుడే పడి ఉంది.

"ఈ నిశానీ అన్న సక్కగ పెట్టుమని చెప్పరాదూ? ఒక వారం నీలిరంగు అలుక్కుంటది. ఒక వారం నడుమ గీత పడి రెండు ముక్కలైతది. ఇంకో వారం చిన్నపిల్ల వేలు లెక్కుంటది. అధ్యక్షురాలు పెట్టే ముద్రనా ఇది?"

"చెప్తం అక్కా. జర కోపం తగ్గించుకో," అంది మొగిలమ్మ. రంగు కాగులో నూలు ముంచి ముంచి ఆమె చేతులు మణికట్టు దాకా నీలంగా ఉన్నాయి.

"అసలు మనిషి ఎట్లుంటది?"

"పొడుగు," అంది మొగిలమ్మ.

"పొట్టి," అంది రాజవ్వ, అదే క్షణంలో.

అనసూర్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"కూసుంటె పొట్టి, నిలవడితె పొడుగు," అని మొగిలమ్మ సర్దింది.

అనసూర్య నెత్తి కొట్టుకుంది. "రేపు పొద్దున టపాల ఈ నివేదిక హైదరాబాదు మహిళా సభకు పోవాలె. కింద అధ్యక్షురాలి నిశానీ లేకుంటె వాళ్లు చదువనుగూడ చదువరు. ఎన్నెన్ని దేశాలల్ల ఆడోళ్లు సంఘాలు పెట్టుకున్నరో మీకు ఎరుకనా? వాళ్ల పేర్లు ఏ పుస్తకంల లేవు. ఎందుకంటె ఎవ్వరూ రాయలే. మన పేర్లు గూడ గట్లనే పోవాల్నా? నేను రాస్తనంటె కూసోని చెప్పే మనిషే దొరకదాయె!"

నిజానికి రాయాల్సింది చాలానే ఉంది. నెల కిందట, మగ్గాలకు సర్కారు పంచే కంట్రోలు నూలును దుకాణం పాండురంగం చాటుగా బండికెత్తించి వర్ధన్నపేట దారి పట్టించాడు. సమ్మమ్మ ఆ బండి చక్రాలకు అడ్డంగా పడుకుందట. నూలు తిరిగి వచ్చింది, ఆగిన మగ్గాలు ఆడాయి. అంత పని చేసిన మనిషికి ఒక్క శుక్రవారం కాసేపు కూర్చోవడానికి తీరిక లేదంటే ఎవరికి మాత్రం కోపం రాదు?

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. పోలీసు అమీన్ సాబ్, వెనక ఇద్దరు జవాన్లు. రాట్నాలు ఆగిపోయాయి.

"సమ్మమ్మ ఎవరు?" అన్నాడు అమీను. "బండి ఆపినామె. పాండురంగం సేటు ఆమె మీద దరఖాస్తు ఇచ్చిండు. చూపిస్తె ఆమె ఒక్కదాన్నే తీస్కపోత. చూపియ్యకుంటె అందర్నీ ఠాణాకు తోల్కపోయి సంఘానికి తాళమేస్త."

రాజవ్వ తన బొటనవేలి మీది పాత కోతను చూసుకుంటూ కూర్చుంది. నూలు పోగు కోసిన గాటు అది. అమీను అనసూర్య వైపు తిరిగాడు.

"నువ్వు చదువుకున్నదానివి అమ్మా. అబద్ధమాడవు. ఎక్కడుంది?"

ఏడు నెలల విసుగు అనసూర్య నాలుక చివరికి వచ్చింది. నాకేం తెలుసు, నేనూ చూడలేదు అంటే సరిపోతుంది, అది నిజం కూడా. కానీ మొగిలమ్మ నీలిచేతులను కొంగు కింద దాచుకోవడం ఆమె కంట పడింది. కనబడని ఆ అధ్యక్షురాలి మీద కోపం ఎటు పోయిందో పోయింది.

"ఇప్పుడే పోయింది," అంది.

"ఎటు?"

"డోర్నకల్ రైలుకు."

"ఎట్లుంటది?"

"కూసుంటె పొట్టి, నిలవడితె పొడుగు."

అమీను లాఠీతో గుమ్మాన్ని ఒకటి కొట్టి, జవాన్లను తిట్టుకుంటూ స్టేషన్ వైపు పరుగెత్తాడు.

బూట్ల చప్పుడు సందు దాటేదాకా అనసూర్య నిలబడే ఉంది. తర్వాత పుస్తకం ముందు కూర్చుంది. భయం తగ్గేసరికి కోపం రెండింతలై తిరిగొచ్చింది.

"పుట్టి బుద్దెరిగినంక ఆడని అబద్ధం మీ సమ్మమ్మ కోసం ఆడిన! ఇగనన్న ఆమెను పిలువుండ్రి. నివేదిక కింద నిశానీ పడకుంటె నేను ఇక్కడి నుంచి లేవ."

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మొగిలమ్మ తల ఊపింది. రాజవ్వ లేచి, సిరా గుడ్డ తెచ్చి, నివేదికతో పాటు అనసూర్య ముందుకు జరిపింది.

"ఈసారి సమ్మమ్మ వంతు నీది, పంతులమ్మా."