అల విరిగినప్పుడల్లా

విడవలూరు ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో, ఒకే సర్వరు లోపల వేర్వేరు కంప్యూటర్లలా పనిచేసే వర్చువల్ మెషీన్లు నత్తనడక నడుస్తున్నాయని, అక్కడి కంప్యూటర్లు చూసుకునే అబిగయీలు ఏరికోరి డేటా దాచే కొత్త స్టోరేజీ పెట్టె తెప్పించి, ఆ సాయంత్రమే నెట్‌వర్కుకు తగిలించింది. పనులు చకచకా సాగాయి.

రాత్రి మెషీన్లన్నీ ఆపేశాక కూడా పెట్టె మీద దీపం వెలిగి ఆరుతూనే ఉంది. బయట అల విరిగినప్పుడల్లా వెలుగుతోంది.

ఆమె కేబులు పీకింది. దీపం ఆరిపోయింది. సముద్రపు హోరూ ఆగిపోయింది.

కిటికీలోంచి చూస్తే, లేచిన అల లేచినట్టే, సరుగుడు తోపు కంటే ఎత్తున, వెన్నెల్లో మెరుస్తూ నిలబడి ఉంది. అంత అందమైనది ఆమె ఎన్నడూ చూడలేదు.

“మళ్ళీ తగిలించమంటావా అన్నా?” అని పక్కకొచ్చి నిలబడ్డ వాచ్‌మన్‌ని గుసగుసగా అడిగింది.

హజరత్తయ్య తెలియకుండానే చేతులు జోడించాడు. “వద్దమ్మా. అది పడితే మన మీదే గదా పడేది.”

వెనక, కేబులు లేని పెట్టె మీద దీపం వెలిగింది.