తొట్టి లైటు

మా అక్వేరియం షాపులో చలమయ్యగారు నాలుగో లైటు కూడా వేయించుకుని, జేబులోంచి తీసిన ఎండుమిరపకాయను దాని కింద పెట్టి చూశారు.

నీటిమొక్కల లైటును మిరపకాయతో ఎంచే మనిషి గుంటూరులోనే దొరుకుతాడు. ఏం మొక్కలు వేశారని, తొట్టికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉందా అని మర్యాదకి అడిగాను. ఆయన వినిపించుకోలేదు. మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు వ్యాపారం చేస్తే తలలో మిగిలేది కాయే కాబోలు.

ఐదో లైటు కింద, కోల్డ్ స్టోరేజీలో రంగు చచ్చిన ఆ కాయ నిన్న కల్లంలో ఏరి తెచ్చినట్టు ఎర్రగా మెరిసింది.

"ఇదే. ఆరు కట్టవయ్యా."

"మీ తొట్టి ఎంత పొడుగండి?" నవ్వు ఆపుకుంటూ అడిగాను.

"నాకు తొట్టెందుకయ్యా? కొట్లో శాంపిల్ బల్ల మీద పెట్టిస్తా. కొనేవాళ్ళు కాయ చూసేది అక్కడేగా."

"అది మోసం కదండీ," అన్నాను.

ఆయన నా వెనకున్న చేపల తొట్టెలకేసి చూశారు. అన్నిటి మీదా అదే రకం లైటు వెలుగుతోంది.

"ఈ చేపలు కొన్నోళ్ళకి ఇంటికెళ్ళాక గూడా ఇంత ఎర్రగానే కనపడతన్నాయా?"