తాబేళ్ల లంకలో పెద్దబడి

ఏటి నీళ్లు పారే ఒక సరస్సు మధ్య తాబేళ్ల లంక ఉండేది. దాన్ని ఏలేది మాత్రం అవతలి ఒడ్డున ఉండే గూడబాతులు. ఒక ఏడు వాటి రాజుకు లంక మీద దయ కలిగింది. తాబేళ్లు తన ఒడ్డుకు చేపలు మోసుకురావడానికి రాళ్లతో గట్టుబాట వేయించాడు. చేపల జాడ కనిపెట్టడం నేర్చుకుంటాయని లంకలో పెద్దబడి కట్టించి, నీళ్ల చదువు చెప్పే ముసలి గూడబాతును పంతులుగా పంపాడు.

మందర అనే ఆడ తాబేలు ఆ బడిలో చేరింది. దానికి ప్రతిదీ వింతే.

"పంతులుగారూ, పారే నీటికి అడ్డం పడితే ఏమవుతుంది?" అని అడిగింది ఒకరోజు.

"మురిగిపోతుంది."

"గట్టు వేసినప్పటి నుంచి మా వైపు నీళ్లు మురిగాయి. పిల్లలు జబ్బు పడుతున్నారు. మరి గట్టు అలా ఎందుకు వేశారండీ?"

పంతులు గట్టెక్కి రెండు వైపులా చూశాడు. ఒక వైపు తేట నీళ్లు, ఇంకో వైపు పచ్చటి నాచు. ఆ సాయంత్రం తాబేళ్లు నడిమి రాళ్లను నెట్టేస్తుంటే, తనూ ముక్కుతో ఒక చెయ్యి వేశాడు.

రాజు మండిపడుతూ ఎగిరి వచ్చాడు. "గట్టుకు గండి కొట్టమనా నిన్ను పంపింది?"

"చదువు చెప్పమన్నారు ప్రభూ. ఎంతవరకో చెప్పలేదు."

మందర ముందుకొచ్చింది. "నీళ్లూ పారాలి, బాటా ఉండాలి. రెండూ కుదిరే దారి ఉంది ప్రభూ."

రాజు చివరికి గట్టు మీద వాలి, "ఎలా?" అని అడిగాడు.