పెట్టె అడిగే ప్రశ్న

"దారం మీద దీపం వెలుగుతుందటమ్మా?"

బడి ఎలక్ట్రీషియన్ సన్నటి కేబుల్ చూపించి ఆ మాట అనగానే, నిచ్చెన మీదున్న కంపెనీ అమ్మాయి కిందికి చూసి నవ్వింది.

"వెలిగించి చూపిస్తాను, మామయ్యగారూ."

ఆయన ఇంటిపేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగదు. అలాంటిది ఇంకెవరికైనా ఉందని వినలేదు కూడా. అందుకే బడిలో పిల్లలూ, టీచర్లూ అందరూ కరెంటు మామయ్య అంటారు. వచ్చిన గంటలోనే ఈ అమ్మాయి కూడా ఆ పిలుపు పట్టేసిందే అనుకున్నాడాయన.

బడికి కొత్త భవనం కట్టారు. అందులో దీపాలకీ, గడియారాలకీ, ఫోన్లకీ వేరే కరెంటు వైర్లు లేవు. కంప్యూటర్లకు వేసే నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటూ వస్తుందట. ఆ పనికి కంపెనీ ఆమెను, ఇద్దరు పనివాళ్ళను పంపింది.

పని పూర్తయ్యాక ఆయన సంతకం పెడితేనే పిల్లలు ఆ గదుల్లోకి వెళ్ళేది.

ఇరవై ఏడేళ్ళలో ఈ బడిలో ఒక్క బిడ్డకూ షాకు కొట్టలేదు. తనకు అర్థం కాని తీగకు ఆయన సంతకం పెట్టడు. హెడ్మాస్టరు తొందరపెట్టినా పెట్టడు.

ఆయన మాటంటే మాటే. చెప్పకుండా పెళ్ళి చేసుకున్న ఒక్కగానొక్క కొడుకుతో, "ఆ పిల్ల నా గడప తొక్కడానికి వీల్లేదు" అన్నాడు ఏడేళ్ళ కిందట. పెళ్ళి ఫొటోలు వస్తే కవరు విప్పకుండానే తిప్పి పంపాడు. ఆ తర్వాత ఇటు నుంచి ఫోనూ లేదు, అటు నుంచీ లేదు.

రెండో రోజు ఆయన మీటరు పట్టుకొచ్చి కేబుల్ కొసకు తగిలించాడు. ముల్లు ఒకసారి సన్నగా వణికి, పడుకుంది.

"ఇది చచ్చిన తీగ అమ్మాయ్."

"చావలేదు. అడిగింది."

"ఏమని?"

"నువ్వెవరు అని. అటు చివర పెట్టె ఉంది కదా, అది ముందు చిటికెడు కరెంటు పంపి అడుగుతుంది. సరైన జవాబు వస్తేనే మిగతాది పంపుతుంది. మేకు తగిలినా, పిల్లల వేలు తగిలినా జవాబు రాదు. పెట్టె కదలదు."

అదే కొసను గడియారానికి గుచ్చింది. సెకన్ల ముల్లు నడక మొదలుపెట్టింది.

ఆయన చాలాసేపు ఆ ముల్లునే చూశాడు.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇది తనే అడిగి మరీ పెడుతోందే."

ఆ రోజు నుంచి ఆమె వెంటే తిరిగాడు. ఆమె చెబుతుంటే బడిపిల్లాడిలా నోటుబుక్కులో రాసుకున్నాడు.

అయిదో రోజు ఆయన వంతు వచ్చింది. పనివాళ్ళు నలభై కేబుళ్ళను కలిపి, బిగించి, చూడముచ్చటగా కట్టి, పరీక్షకు కరెంటు వదిలారు. ఆయన ఆ కట్ట నడుమకు వేళ్ళు పోనిచ్చాడు.

"జడ అందంగానే వేశారు గానీ, లోపల జ్వరం ఉంది. కరెంటు పారే తీగకు ఊపిరాడాలి అమ్మాయ్."

ఆమె కూడా చెయ్యి పెట్టి చూసింది. పనివాళ్ళ వైపు తిరిగింది.

"విప్పండి. పదేసి చొప్పున వదులుగా కట్టండి."

"మళ్ళీ మొదటికా మేడమ్?" ఒకడు గొణిగాడు.

"మామయ్యగారి చెయ్యి చెప్పాక మొదటికే."

ఆ పూట కరెంటు మామయ్య మీసం కాస్త పైకే ఉంది.

మెట్ల కింద ఆయనకు చిన్న గది ఉంది. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ రోజూ పిలిచేవాడు.

"లోపలికి రా అమ్మాయ్. కూర్చుని తిను."

"ఇక్కడ గాలి తగులుతోంది మామయ్యగారూ."

"నా గదిలో పాములేమైనా ఉన్నాయా?"

ఆమె నవ్వేది. గడప అవతల నిలబడే తినేది. చివరికి ఆయనే ఓ స్టూలు గడప దాటించాడు.

ఎనిమిదో రోజు కొత్త భవనంలో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆయన అరవై గదులూ తిరిగి చూశాడు. ప్రతి కట్టనూ చేత్తో తాకాడు. ఎక్కడా జ్వరం లేదు.

హెడ్మాస్టరు గదిలోకి వచ్చేసరికి మనిషి పొంగిపోతున్నాడు.

"చేతిలో విద్య, నోట్లో వినయం. తప్పు చెబితే దిద్దుకునే మనిషిని ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం సార్? ఏ ఇంటి కోడలో గానీ, ఆ మామగారు పెట్టి పుట్టాడు."

"ఆ మాట ఆమెతోనే అనండి."

"అనడానికే వచ్చాను. ఏదీ?"

"ఇప్పుడే వ్యాను ఎక్కింది. ఇంకో ఊళ్ళో పని ఉందట. కాగితం మీకిమ్మంది."

ఆయన కిటికీ దాకా వెళ్ళాడు. గేటు దగ్గర దుమ్ము మాత్రమే ఉంది.

"ఆమె పేరేమిటి సార్?"

"ఎనిమిది రోజులు పక్కనే ఉన్నారు. మీరడగలేదా?"

"అమ్మాయ్ అంటే పలికేది." ఆయన సిగ్గుపడ్డాడు. "నాకంటే ఆ పెట్టె నయం."

కాగితం బల్ల మీద పరిచి, కింది గీత మీద ఇంటిపేరుతో సహా పేరంతా రాసి సంతకం పెట్టాడు. ఇరవై ఏడేళ్ళలో ఇంత ఇష్టంగా పెట్టిన సంతకం ఇంకోటి లేదు. సిరా ఆరేదాకా దాన్నే చూసి, అప్పుడు పై గీత చదివాడు.

కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివాడు.

ఎనిమిది రోజులూ గడప అవతలే ఉండిపోయిన ఆ పిల్ల పేరు ముందు, ఎవరికీ నోరు తిరగని ఆయన ఇంటిపేరే ఉంది.