ఏడో నంబరు

"ఒసేయ్ ఓపల్, ఇవాళ్టికైనా ఆ పిసినారి వాయింపు కట్టిపెట్టు!" అన్నాడు హోబర్ట్, బాంజో తీగలు బిగిస్తూ. "నాలుగు స్వరాలు పలికించాల్సిన చోట ఒకటి పలికించి మూడు మింగేస్తే బహుమతి ఎవడిస్తాడే?"

"నా చేతికి నప్పేది అదే కదన్నయ్యా."

"తీర్పు చెప్పేది మీ గురువు వెర్లిన్ తాత. ఆయన మాండలిన్ పట్టుకుంటే రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది. బుద్ధిగా ఆయనలా వాయించు. గట్టెక్కుతావు."

ఓపల్ డోలాయమానంలో పడింది. ఈ ఏటి బ్లూగ్రాస్ అనే కొండ జానపద సంగీతం పోటీకి మొదటి బహుమతి, వెర్లిన్ స్వయంగా చెక్కిన మాండలిన్. ఆమె ప్రాణమంతా దాని మీదే ఉంది. తన సాదా వాయింపు వినిపించినప్పుడల్లా ఆ ముసలాయన "ఊఁ" అని ఊరుకున్నాడే గాని, బాగుందన్న పాపాన పోలేదు.

తీర్పరులు తెర వెనక కూర్చున్నారు. మొహమాటాలు అడ్డురాకూడదని ఈ కొండల్లో అదొక కట్టుబాటు. పేర్లుండవు, నంబర్లే.

"ఏడో నంబరు!" అని పిలుపు వచ్చింది.

ఓపల్ కళ్ళు మూసుకుని అచ్చం వెర్లిన్‌లాగే వాయించింది. అదే పరుగు, అవే విరుపులు. హాలంతా కాళ్ళతో నేల దద్దరిల్లేలా తాళం వేసింది. హోబర్ట్ ఈల వేశాడు. ఆమెకు మాత్రం ఎవరి చెప్పులో తొడుక్కుని నడిచినట్టుంది.

బహుమతి మూడో నంబరాయనకు పోయింది. ఓపల్‌కు రెండోదీ దక్కలేదు. బయట మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే వెర్లిన్ వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఆ ఏడో నంబరు వాడెవడో గాని, నన్ను మక్కికి మక్కి దించేశాడే! నా సరుకు నాకే అమ్ముతాడా? సున్నా చుట్టి పారేశా."

ఓపల్ చేతిలోని ఏడో నంబరు చీటీని గుప్పిట్లో దాచేసుకుంది.

"వాడి సంగతి సరే, పేరిచ్చి నువ్వెందుకు ఎగ్గొట్టావు? నీ వంతు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని చివరిదాకా చెవులు రిక్కించుకుని కూర్చున్నా." ముసలాయన హాలు వైపు చెయ్యి చూపించాడు. "ఆ మాండలిన్ మెడ అంత సన్నగా చెక్కింది నీ చిన్న చేతికి అందాలనే కదే, పిచ్చిదానా!"