అడ్డపొగ

"నా నోట్లో నువ్వు లైటెట్టేదేంటి? పెళ్లి కాకముందు నుంచీ నిప్పే ఎట్టుకుంటున్నా!"

చిట్టెమ్మ అరుపుకి చేపల రేవులో వైద్య శిబిరానికొచ్చిన ఆడాళ్లంతా ఘొల్లున నవ్వారు. డాక్టర్ సత్యశ్రీకి ఒళ్లు మండింది. కాకినాడ నుంచి మిషను మోసుకొచ్చి పొద్దుటి నుంచీ బతిమాలుతోంది. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే ఈ ముసలిది కాదంటే, మిగతావాళ్లు ఒక్కరూ నోరు తెరవరు.

"క్యాన్సర్ పుండు పడ్డాక ఎవరికైనా కనిపిస్తుంది. అంతకుముందే పట్టాలి. అంగిట్లో కణాలు లోలోపల ఉబ్బితే, వాటికి తగిలిన వెలుగు వేరేగా చెదిరి వెనక్కొస్తుంది. మంచి నోటితో పోలిస్తే తెలిసిపోతుంది. ముందు నా నోట్లో పెట్టుకుంటా, చూడు."

"పాలూ పెరుగూ తినే నీ నోటితో నాకు పోలికేంటి? ఉప్పుచేప తినే నోటితో చూడు. ఇదిగో, నా కోడలు వీరదుర్గ. చుట్ట కంపంటేనే ముక్కు మూసుకుంటాది మహారాణి!"

"నాకెందుకత్తా..." కోడలు జంకుతూ వెనక్కి జరిగింది. చిట్టెమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

సన్నటి గొట్టం కోడలి అంగిటికి ఆనింది. కొన మార్చాక అత్త అంగిటికి. కంప్యూటర్ తెర మీద రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఏంటంటాది నీ మిషను?" అంది చిట్టెమ్మ.

"తేడా... లేదు," అంది సత్యశ్రీ.

చిట్టెమ్మ చప్పట్లు చరిచింది. "విన్నారా? కోడలి నోరెంత శుభ్రమో నాదీ అంతే! నీ మిషను మూటగట్టుకుని పో!" అంటూ బొడ్లోంచి చుట్ట తీసి వెలిగించింది. ఆడాళ్లు బుట్టలెత్తుకున్నారు.

అవమానంతో సత్యశ్రీకి చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లు నిప్పు తిన్న నోటికి ఏమీ కాకపోవడమేంటి? మిషను గానీ పాడైందా? మళ్లీ కొన మార్చి గొట్టం తన నోట్లోనే పెట్టుకుంది. మూడో గీత ఆ రెండింటికీ దూరంగా ఎటో పోయింది.

చిట్టెమ్మ తెరలోకి తొంగిచూసి పగలబడి నవ్వింది. "చూడండే! రోగం డాక్టరమ్మకే!"

సత్యశ్రీ నవ్వలేదు. ఆమె కోపమంతా ఒక్కసారిగా చల్లారిపోయింది. దగ్గరికెళ్లి వీరదుర్గ చెయ్యి పట్టుకుంది.

"నువ్వెప్పటి నుంచి కాలుస్తున్నావమ్మా?"